మూడు వాషర్లు

“పెట్టె తీసుకెల్లమని సెప్పు మీ నాన్నకి. నేను దాన్ని ముట్టుకోను.”

జగ్గమ్మ ఈ మాట కూతురితో అంది గానీ, మొగుడు రెండు గజాల దూరంలోనే ఉన్నాడు. పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ ఇలా చుట్టుతిరిగి వెళ్తున్నాయి. కూతురు లేనప్పుడు ఆవిడ గోడకి చెప్పేది. వినాల్సినవాడు విని ఊరుకునేవాడు.

సోములు పాక గుమ్మంలో గొంతుక్కూర్చుని స్పానర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి పెట్టెలో పేరుస్తున్నాడు. ముప్పయ్యేళ్ళుగా కొత్తరేవుపేటలో ఏ తెప్ప ఇంజను మొరాయించినా ఆయన చెయ్యి పడాల్సిందే. ఈ రోజు పది గంటలకి ఆ పెట్టె కులపెద్దల ముందుకి వెళ్ళాలి.

ఆ పేటలో కట్టుబాటు అది. మేస్త్రి చేతిపనిలో తేడా వచ్చి సముద్రం మీద ప్రాణం పోతే, పెట్టె పెద్దల ముందు పెట్టించి అడుగుతారు. తప్పు లేదని తేలితే పెట్టె ఇంటికొస్తుంది. ఉందని తేలితే గంగమ్మ గుడిలో అమ్మవారి వెనక్కి పోతుంది. ఆ తరవాత ఆ మనిషి ఈ తీరాన ఏ ఇంజను మీదా చెయ్యి వేయకూడదు. ఇంజన్లు రాకముందు తెప్ప చెక్కే వడ్రంగి ఉలికి కూడా ఇదే కట్టుబాటు ఉండేదట.

“తుడిసి తుడిసి ఏటి సేస్తాడంట? తుడిస్తే పోతాదా అది?” జగ్గమ్మ మళ్ళీ అంది.

“అమ్మా, ఊరుకో,” అంది భారతి.

“ఎందుకు ఊరుకోవాల? పోయినోడు మా అన్న. మీ నాన్న కాదు.”

 తెల్లారకముందే రాజాంలో మొదటి బస్సు ఎక్కి, చిలకపాలెంలో దిగి, ఆటో పట్టుకుని వచ్చింది పిల్ల. మొహం కూడా కడుక్కోలేదు. నాలుగు రోజులుగా హాస్టల్లో నిద్రపోయిన జాడ కూడా ఆ మొహంలో లేదు.

“బాగుసేసినోడు మొదటి వేట ఎక్కాల,” అంది జగ్గమ్మ, ఈసారి గోడతో. “మా తాతలనాటి మాట. తన సేతిపనిమీద తనకి నమ్మకముంటే తనే ఎక్కాల. ఈయన ఎక్కలేదు. కూతురు కాలేజీకి రమ్మన్నాదని సొక్కా ఇస్త్రీ సేయించుకుని ఎల్లినాడు. ఆయన బదులు మా అన్న ఎక్కినాడు. ఎక్కినోడు ఎక్కినట్టే పోయినాడు.”

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే ఆ ఇంటి దౌర్భాగ్యం.

రెండు నెలల వేట నిషేధం ముగిసి, జూన్ పదిహేనున తెప్పలు దిగాయి. ఆ రోజు భారతి ఎం.టెక్. ప్రాజెక్టు మొదటి సమీక్ష. ఆమె గైడు యుగంధర్ సారు, ‘ఇంజను విడిభాగాలు ఇచ్చింది మీ నాన్నగారేగా, ఒకసారి తీసుకురామ్మా, చూడాలని ఉంది’ అన్నాడు. భారతి పట్టుబట్టింది. సోములు తటపటాయించాడు. ‘నువ్వెల్లు బావా, నీ బదులు నేనెక్కుతాను’ అని సోములుని బస్సెక్కించింది అసిరయ్యే. జగ్గమ్మకి అన్న, సోములుకి బావమరిది, పైగా వియ్యంకుడు. సోములు పెద్దకూతురు ధనలక్ష్మిని అసిరయ్య కొడుకు నవీన్‌కే ఇచ్చారు.

తిరుగు ప్రయాణంలో ఒడ్డు కనిపిస్తుండగా ఇంజను ఆగిపోయింది. తెప్ప కెరటానికి అడ్డం తిరిగింది. నవీన్ కుడిచెయ్యి విరిగింది. అసిరయ్య తెప్ప కింద దొరికాడు. ఆ వేళకి సోములు రాజాంలో, ఏసీ గదిలో, కుర్చీ అంచున కూర్చుని కూతురు చెబుతున్న ఇంగ్లీషు పాఠం వింటున్నాడు. అర్థం కాకపోయినా కళ్ళు తుడుచుకున్నాడు.

జగ్గమ్మ బిందె తీసుకుని బయటికి వెళ్ళింది. భారతి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

“నాన్నా, నీతో మాటాడాల.”

“ఇప్పుడు కాదమ్మా.”

“ఇప్పుడే. పది దాటితే మాటాడి లాభం లేదు.”

“ఐతే సెప్పు.”

“లెక్క తప్పు నాన్నా.”

“ఏ లెక్క?”

“మూడు వాసర్ల లెక్క.”

సోములు చెయ్యి ఆగలేదు. పద్నాలుగో నంబరు స్పానరు తుడవడం పూర్తిచేసి, పెట్టెలో దాని చోట దాన్ని పెట్టాడు.

కథ మధ్యలో ఇంజను పాఠమేమిటని విసుక్కోకండి. ఈ పాఠం దగ్గరే ఒక మనిషి ప్రాణం పోయింది కాబట్టి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు.

ఇంజను ఊపిరి తీసి వదలడానికి వాల్వులుంటాయి. కింద కామ్ అనే గుడ్డు ఆకారపు ముక్క తిరుగుతూ ఒక కడ్డీని పైకి తోస్తుంది. కడ్డీ, రాకర్ అనే ఊగే ముక్క ఒక కొసని ఎత్తుతుంది. రాకర్ రెండో కొస దిగి వాల్వుని నొక్కి తెరుస్తుంది. మూసే పని స్ప్రింగుది. మామూలు వేగంలో సెకనుకి పన్నెండు సార్లు ఈ తంతు జరుగుతుంది. వేగం మరీ పెంచితే స్ప్రింగు అందుకోలేదు. వాల్వు కామ్‌ని వదిలేసి ఎగురుతుంది, వచ్చి తన గద్దె మీద దభీమని పడుతుంది, ఏదో ఒక రోజు విరుగుతుంది. అందుకని తీరంలో మేస్త్రిలంతా పాతబడిన స్ప్రింగు కింద ఒక వాషరు వేసి బిర్రు చేస్తారు. ఒక్కటంటే ఒక్కటి, ఎక్కువైతే చుట్లు కుంగడానికి సందు మిగలదు. అది పుస్తకాల్లో లేదు, చేతుల్లో ఉంది.

నిషేధం రోజుల్లో నవీన్ తన ఇంజను వేగానికి హద్దు పెట్టే మరని ఇంకా లోపలికి బిగించి, ఆ హద్దుని సెకనుకి పద్దెనిమిదికి పెంచాడు. వేట మొదలైన రోజు ముందు ఒడ్డుకొచ్చిన రొయ్యకే ధర కాబట్టి ఆ తొందర. అప్పట్నుంచి ఇంజను టకటకలాడింది. ఒక వాషరుతో ఆ చప్పుడు పోలేదు. అప్పుడు సోములు రాజాంకి ఫోను చేశాడు.

భారతి ప్రాజెక్టు అదే. కామ్, కడ్డీ, రాకర్, వాల్వు, స్ప్రింగు, ఈ సంసారమంతటినీ ఒక బరువుగా, ఒక స్ప్రింగుగా మార్చి ఒక సమీకరణంలో పెట్టడం. ఎంత వేగంలో వాల్వు ఎగురుతుందో కంప్యూటరు గీత గీసి చూపిస్తుంది. స్ప్రింగు బిర్రు ఎంతో తెలుసుకోడానికి భారతి, తల్లి చేపల తూకంరాళ్ళే తెచ్చి దాని మీద ఒక్కొక్కటీ పెట్టి, ఎంత కుంగిందో కొలిచింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూశారు. అసిరయ్య మావ రాళ్ళు అందించాడు.

“ఎక్కడ తప్పినాది?” అన్నాడు సోములు, పెట్టెలోకే చూస్తూ.

“రాకర్‌కి రెండు సేతులూ సమానం కాదు కదా నాన్నా. ఇటు కామ్ వైపు ఏడు మిల్లీమీటర్లు లేస్తే, అటు వాల్వు వైపు పది దాకా దిగుతాది. నా లెక్కంతా కామ్ వైపు కట్టినాను. అలగే కట్టాల, అది తప్పు కాదు. గానీ నువ్వు ఫోను సేసి ‘ఎన్ని వాసర్లు పడతాయమ్మా’ అంటే, తెర మీద ఏడు కనిపించింది, స్ప్రింగు సుట్ల సందులోంచి ఏడే తీసీసినాను. స్ప్రింగున్నది అటేపు. అటేపు పది తియ్యాల.”

“పదమూడు మిల్లీమీటర్ల సందులో ఏడు పోతే ఆరు,” అన్నాడు సోములు. “మిల్లీమీటరు మందం వాసర్లు మూడు ఏసినా ఇంకా మూడు మిగుల్తాదన్నావు.”

“మూడు కాదు. మిగిలింది కాగితమంత.”

“తెల్సు.”

భారతి తల ఎత్తింది.

“తెప్ప ఒడ్డుకి లాగినాక ఇంజను ఇప్పి సూసిన రోజే తెల్సింది. స్ప్రింగు సుట్లు ఒకదాన్నొకటి కొట్టుకున్న సోట మెరుస్తన్నాయి. స్పీడు మీద ఆ కాగితమంత సందు కూడా మూసుకుపోయింది. ఇంక స్ప్రింగు స్ప్రింగు కాదు, ఇనప ముద్ద. వాల్వు కాడ విరక్క ఏటి సేస్తాది?”

“తెలిసీ ఎవులికీ ఎందుకు సెప్పలేదు?”

“ఎవులికి సెప్పాల? ఏటని సెప్పాల?”

ఆ ఫోను మాటలు ఇద్దరికీ గుర్తొచ్చాయి. ఇద్దరూ పైకి అనలేదు. కానీ చదువరులకి తెలియాలి. మూడో వాషరు వేసి, ఇంజనుని చేత్తో తిప్పి, స్ప్రింగు చుట్ల మధ్య వేలు పెట్టి చూసిన సోములు మళ్ళీ ఫోను చేశాడు. ‘గోరు కూడా దూరట్లేదమ్మా’ అన్నాడు. భారతి అప్పుడు సమీక్షకి బొమ్మలు అతికించుకునే హడావిడిలో ఉంది. ‘సేత్తో తిప్పితే తిరుగుతాదా లేదా నాన్నా?’ అంది. ‘తిరుగుతాది.’ ‘ఐతే సరిపోద్ది. లెక్క తప్పదు.’ అంతే. నిమిషం కూడా పట్టలేదు.

“నా గోరు నాకు సెప్పింది,” అన్నాడు సోములు. “ముప్పయ్యేళ్ళ గోరు. దాని మాట ఇన్లేదు నేను. అందుకని తప్పు నాదే.”

“నాన్నా, నేను సెప్తానీయాళ. అందరి ముందరా సెప్తాను.”

“సెప్పకూడదు.”

“ఎందుకు?”

“సోములు తప్పు సేస్తే, సోములు తప్పు సేసినాడంటారు. అక్కడితో సరి. సోములు కూతురు తప్పు సేస్తే ఏటంటారు? ఆడపిల్లని సదివిస్తే ఇదీ అంటారు. నీ ఎనకాల పదకొండుమంది పిల్లలు బస్సెక్కి ఎచ్చెర్లకీ, టౌనుకీ ఎల్తన్నారు ఈ పేట నుంచి. రేపట్నుంచి ఎంతమంది ఎల్తారు?”

“అందుకని నీ పెట్టె గుడిలో పెట్టించుకుంటావా? పెట్టె లేకపోతే నువ్వేటి సేస్తావు?”

“వల అల్లుకుంటాను.”

“నీకు వల అల్లడం రాదు నాన్నా.”

“నేర్సుకుంటాను.”

వెనకాల బిందె చప్పుడైంది. జగ్గమ్మ నీళ్ళు తీసుకుని ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. బిందె దింపలేదు, నడుం మీదే ఉంది. పన్నెండు రోజుల్లో మొదటిసారి మొగుడి ముఖంలోకి చూసింది.

“ఐతే నీ సెయ్యి కాదన్నమాట మా అన్నని సంపింది.”

“నా సెయ్యే,” అన్నాడు సోములు.

“మళ్ళీ అదే మాట. పన్నెండు రోజులు నీకు నా సేత్తో కూడెట్టలేదు. నీ నీడ నా మీద పడితే పక్కకి తప్పుకున్నాను. నీ బట్టలు ఉతకలేదు. అదంతా నీకు బాగున్నాదేటి? ఒక్క మాట సెప్పలేకపోయినావా నాతోటి?”

“సెప్తే ఏటి సేసీదానివి?”

“మనిసిలాగ సూసీదాన్ని నిన్ను.”

“మరి దాన్ని?” సోములు భారతి వైపు చెయ్యి చూపించాడు. “దాన్నెలగ సూసీదానివి? నా మొహంలో కనిపించిన మీ అన్న, దాని మొహంలో కనిపించడా?”

 భారతి తల్లి వైపు చూసింది, ఇప్పుడైనా ‘కనిపించడు’ అంటుందేమోనని. కన్నతల్లి కదా, ఆ మాత్రం అబద్ధం ఆడలేదా అని మనకీ అనిపిస్తుంది. కానీ జగ్గమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. బిందె దింపి, లోపలికి వెళ్ళిపోయింది. లోపల్నుంచి కాసేపటికి ఒక్క మాట వినిపించింది.

“సెప్పనీ దాన్ని. నా మొగుడు దోషి కాడని తేలాల నాకు.”

*

వలలు బాగుచేసుకునే పెద్దపాకలో జనం కిక్కిరిసి ఉన్నారు. సముద్రం ఆ రోజు మంచిగానే ఉంది. ఐనా ఒక్క తెప్ప దిగలేదు.

నడుమ చాప మీద సోములు పెట్టె. దాని పక్కన చెంబుతో సముద్రపు నీళ్ళు. ఎదురుగా ముగ్గురు పెద్దలు, వాళ్ళలో మాట జగన్నాధానిది. డెబ్బయ్యేళ్ళ మనిషి, మంచివాడే, కానీ తను పుట్టకముందు తెలిసినవి తప్ప ప్రపంచంలో కొత్తగా తెలియాల్సింది లేదని నమ్మకం.

ఆడవాళ్ళు ఒక పక్క. ముందు వరసలో అసిరయ్య భార్య లక్ష్మణమ్మ. బోసి నుదురుతో, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. పక్కన కోడలు ధనలక్ష్మి. పుట్టింటివాళ్ళు పాకలోకి వస్తే లేచి రాలేదు ధనలక్ష్మి. చెల్లెలి వైపు చూసింది, అత్త వైపు చూసింది, తల దించుకుంది. స్తంభానికి ఆనుకుని నవీన్, చేతికి పట్టీతో.

“సోములూ,” అన్నాడు జగన్నాధం. “ఆ ఇంజనుకి స్ప్రింగు కింద వాసర్లు ఎన్ని ఏసినావు?”

“మూడు.”

“ఎప్పుడూ ఎన్ని ఏస్తావు?”

“ఒకటి.”

“మరి మూడెందుకు ఏసినావు?”

సోములు నోరు తెరిచేలోగా భారతి లేచి నిలబడింది. ఆ పాకలో అలాంటి సమయంలో ఆడపిల్ల లేచి నిలబడటం అదే మొదలు. గుసగుసలన్నీ ఆగిపోయాయి.

“నేనెయ్యమన్నాను తాతా.”

“కూకోమ్మా.”

“కూకోను. మా నాన్న ముందు ఒకటే ఏసినాడు. మూడు పడతాయని నేనే లెక్కకట్టి ఫోన్లో సెప్పినాను. లెక్క తప్పు. తప్పు నాది.”

“ఏం లెక్కమ్మా అది?” జగన్నాధం చిన్నపిల్లని అడిగినట్టే అడిగాడు.

భారతి చుట్టూ చూసింది. బోర్డు లేదు, కంప్యూటరు లేదు. పాక వాసానికి ఆనించి ఒక తెడ్డు ఉంది. వెళ్ళి తీసుకొచ్చి రెండు చేతులా పట్టుకుంది.

“తాతా, ఈ పిడి నేను జానెడు లాగితే, నీట్లో ఉన్న ఆ కొస ఎంత జరుగుతాది?”

“మూరెడు.”

“ఇంజన్లో కూడా ఇలాంటి తెడ్డొకటున్నాది. రాకర్. నేను పిడి జరిగిన కొలత తీసుకుని, ఆ కొస కూడా అంతే జరుగుతాదని సెప్పీసినాను. ఆ కొస ఎక్కువ జరిగింది. స్ప్రింగుకి సోటు సాల్లేదు. వాల్వు విరిగిపోయింది.”

పాకలో ఒక్కరు కదల్లేదు. ఒక్క క్షణం భారతికి అర్థమైంది, వీళ్ళకి అర్థమైందని. కాలేజీలో నలభై బొమ్మలు చూపించినా సగంమందికి ఎక్కని సంగతి, ఇక్కడ చదువురాని ముసలివాళ్ళకి ఒక్క తెడ్డుతో ఎక్కింది. ఆ మాటకొస్తే యుగంధర్ సారు కూడా ఇంత బాగా చెప్పలేడు.

“తెడ్డు సంగతి మాకు తెల్సమ్మా,” అన్నాడు జగన్నాధం. “నువ్వు సెప్పింది నిజమే అయ్యుంటాది. గానీ ముప్పయ్యేళ్ళ మేస్త్రి, సదువుకునే పిల్ల ఫోన్లో సెప్తే తన సేతిపని మానుకుని ఇన్నాడంటే ఎలగ నమ్మడం? తండ్రిని కాపాడుకోవాలని సూస్తన్నావు. మంచిదే. మంచి కూతుర్ని కన్నాడు సోములు.”

“నవీన్ బావ ఉన్నాడు ఆ యాళ మా పాకలో. అసిరయ్య మావా ఉన్నాడు. ఫోను స్పీకర్లో ఎట్టినాడు నాన్న. అడగండి.”

అందరి తలలూ స్తంభం వైపు తిరిగాయి. నవీన్ ముందు తల్లి వైపు చూశాడు. తరవాత నేల వైపు చూశాడు.

“నేనేటీ ఇన్లేదు,” అన్నాడు.

“బావా.”

“నేను బయటున్నాను. నాకేటీ తెల్దు.”

భారతికి అప్పుడు ఇంకో మాట నోటిదాకా వచ్చింది. మర ఎవరు బిగించారు బావా అని. ధనలక్ష్మి చెల్లెలి వైపే కళ్ళార్పకుండా చూస్తోంది. భారతి ఆ మాట మింగేసింది. తెడ్డు ఇంకా చేతిలోనే ఉంది, దాన్నేం చేయాలో తెలియలేదు.

“సోములూ, నువ్వు సెప్పు,” అన్నాడు జగన్నాధం. “నీ కూతురన్నది నిజమేటి? నిజమంటే నీ పెట్టె నువ్వు తీసుకెల్లిపో. మేం అడ్డుపడం.”

పెట్టె ఆయన మోకాలికి జానెడు దూరంలో ఉంది. ముప్పయ్యేళ్ళ తిండి, పరువు, మనిషితనం అందులోనే ఉన్నాయి. అవును అన్న ఒక్క మాట చాలు.

సోములు లేచాడు. చెంబులోని నీళ్ళు అరచేతిలోకి వంపుకున్నాడు.

“గంగమ్మ తల్లి సాచ్చిగా సెప్తన్నాను. మూడు వాసర్లూ నా బుద్ధితో నేనే ఏసినాను. ఎవులూ సెప్పలేదు.” గడ్డంతో భారతి వైపు చూపించాడు. “ఇది పిల్ల. దీనికి ఇంజనంటే ఏటి తెల్సు? కాగితాల మీద గీతలు గీస్తాది. ఒక నట్టు ఇప్పితే మళ్ళీ బిగించడం రాదు దీనికి. దీని మాట ఇని ఇంజను బాగుసేస్తానా నేను?”

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకంతా పాకింది. నవ్వడానికి ఒక సాకు దొరికిందని అందరికీ ప్రాణం తెరిపిన పడింది కాబోలు.

కూతురు ఇంజన్ల మీద పెద్ద చదువు చదువుతోందని ఈ సోములే టీ కొట్టు దగ్గర ఎదురైనవాడికల్లా చెప్పుకున్నాడు. విని విని విసిగి జనం దారి మార్చుకునేవాళ్ళు. ఆ నోటితోనే ఈ రోజు పదిమందిలో దానికేమీ రాదని చెప్పాడు. కూతుర్ని కాపాడుకోడానికి ఆయనకి వేరే దారి దొరకలేదు. కానీ ఆ మాట వింటూ నిలబడటం ఎంత నరకమో ఆయనకేం తెలుసు? రానిది ఒప్పుకోవడం వేరు. వచ్చినదాన్ని రాదని తండ్రే అంటుంటే, జనం నవ్వుతుంటే, నోరు మూసుకోవడం వేరు.

సోములు అరచేతిలో నీళ్ళు నెత్తి మీద పోసుకున్నాడు. అమ్మవారి పేరున అబద్ధం ఆడినవాడు మళ్ళీ సముద్రంలో కాలు పెట్టకూడదు. అది పెద్దలు చెప్పే తీర్పు కాదు. ఎవడికి వాడు వేసుకునేది. ఆయన ఆడింది అబద్ధమని ఆ పాకలో జగ్గమ్మకి, భారతికి తెలుసు.

పెట్టెని ఇద్దరు మోసుకెళ్ళారు. ‘కూర్మమ్మ కూతుర్ని కూడా ఈ ఏడు కాలేజీ మాన్పించీడం మంచిది’ అని నవ్విన వరసలోనే ఎవరో అన్నారు. సోములు దాచిపెట్టి కాపాడదామనుకున్నది కూడా దక్కలేదు. జగ్గమ్మ మొగుడి వెనకాలే వెళ్ళింది. కూతుర్ని రమ్మనలేదు.

*

జనం చెదిరిపోయారు. ధనలక్ష్మి కూడా అత్త సైగ చేస్తే పక్కింటావిడతో కలిసి గుడి దాకా వెళ్ళింది. భారతి పాకలో వలల కుప్ప పక్కన కూలబడింది.

లక్ష్మణమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

“అత్తా, నేను సెప్పింది నిజం. నాన్న అబద్ధం ఆడినాడు.”

“తెల్సు.”

భారతి ఆవిడ దగ్గరికి జరిగింది.

“ఆ సాయంత్రం మీ మావ ఇంటికొచ్చి సెప్పినాడు. మేనకోడలు లెక్కకట్టింది, ఇంక ఆ ఇంజను పదేళ్ళు నోరెత్తదన్నాడు. మీ నాన్న బదులు తనెక్కుతానన్నది అందుకే. బయం లేక ఎక్కినాడు.”

“మరి ఇందాక ఎందుకు సెప్పలేదు అత్తా? నువ్వు సెప్తే నమ్మీవాళ్ళు.”

“నవీను ఇన్లేదన్నాడు కదా. అలగనమని పొద్దున్న నేనే సెప్పినాను. ఫోను మాట బైటికొస్తే ఎనకాలే మర మాట వస్తాది. స్పీడు ఎవులు పెంచినారంటే నా కొడుకు పేరు సెప్పాల నేను.”

భారతి ఇంకా చేతిలోనే ఉన్న తెడ్డు కింద పెట్టింది.

“నువ్వు కూడా సగమే సెప్పినావు,” అంది లక్ష్మణమ్మ. “మర సంగతి నీకు తెల్సు. నోటిదాకా వచ్చింది, నేను సూసినాను. ఎందుకు మింగినావు?”

“అప్ప కోసం.”

“సూసినావా మరి. మీ నాన్న నిన్ను దాసుకున్నాడు. నేను నా కొడుకుని దాసుకున్నాను. నువ్వు మీ అప్ప కాపరాన్ని దాసుకున్నావు. ముగ్గురం కలిసి మీ మావని రెండోసారి పూడ్సీసినాం.”

భారతికి ఏడుపు వచ్చింది. లక్ష్మణమ్మ ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, తరవాత అడిగింది.

“నీ లెక్కకి అన్నీ తెలుస్తాయంట కదా. నాకొకటి సెప్పు. ఆ మూడు వాసర్లూ అలగే ఉండి, నా కొడుకు ఆ మర బిగించకపోతే, మీ మావ ఇంటికి వచ్చీవోడా?”

ఆ లెక్క భారతి చేసింది. నాలుగు రోజుల కిందట, తప్పు దొరికిన రోజే చేసింది. పాత వేగంలో ఆ కాగితమంత సందు మూసుకోదు. స్ప్రింగు చుట్లు ఒకదాన్నొకటి తాకవు, వాల్వు విరగదు. మూడుసార్లు తిరగేసి చూసినా అదే జవాబు వచ్చింది. ఈసారి ఏ వైపు కొలత ఏ వైపు వేసుకుందో కూడా సరిచూసుకుంది.

“వచ్చీవోడు కాదత్తా,” అంది భారతి. “మర బిగించకపోయినా విరిగీదే. తప్పంతా నా వాసర్లదే.”

లక్ష్మణమ్మ ఆ పిల్ల మొహం చాలాసేపు చూసింది.

“మీ నాన్న కూడా ఇందాక ఇలగే సెప్పినాడు,” అని లేచి, చీర దులుపుకుని ఇంటి దారి పట్టింది.

ఇంటి దగ్గర ఆ మర సంగతితో నవీన్ ఒక్కడే ఉన్నాడు.